తోట అంచుకు ఇనుప పట్టీ: వేసేముందు తూకం వేసి చూడండి

ప్రశ్న: సార్, మా ఇంటి చుట్టూ కొత్తగా తోట వేయిస్తున్నాం. పచ్చికకీ పూల మడులకీ మధ్యన, కంకర బాటకి రెండు వైపులా లోహపు అంచు పెట్టాలని డిజైనర్ అంటున్నారు. తుప్పు రంగులో ఉండే కార్టెన్ స్టీల్ అట. "జీవితాంతం ఉంటుంది, నూటికి నూరు శాతం రీసైకిల్ అవుతుంది, పర్యావరణానికి చాలా మంచిది" అన్నారు. ఇంతకుముందు వేసిన ప్లాస్టిక్ అంచు ఎండకి పెళుసెక్కి ముక్కలు ముక్కలైపోయింది. ఇప్పటికీ పార వేస్తే నల్లటి పెంకులు వస్తూనే ఉన్నాయి. కాలేజీలో చదివే మా అమ్మాయి మాత్రం "కొండ తవ్వి, బొగ్గు పెట్టి కరిగించిన ఇనుము పర్యావరణానికి మంచిదెలా అవుతుంది నాన్నా?" అని పట్టుకుంది. ఎవరి మాట వినమంటారు? మొత్తం 80 మీటర్ల దాకా కావాలి. అందులో కంకర బాట వాటా 30 మీటర్లు.

జవాబు: మీ అమ్మాయి అడగాల్సిన ప్రశ్నే అడిగింది. డిజైనర్ గారి మాటలోనూ అబద్ధం లేదు, కాకపోతే ఆయన సగమే చెప్పారు. తోటల పనిలోకి రాకముందు నేను చాలాకాలం ఫ్యాబ్రికేషన్ షాపులో గేట్లు, గ్రిల్స్ చేసినవాణ్ణి. ఇనుమంటే నాకు ఇష్టం, గౌరవం. అందుకే దాన్ని అవసరం లేని చోట మట్టిలో పాతిపెడితే బాధగా ఉంటుంది.

ముందు బరువు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ వ్యవహారం చాలావరకు బరువు మీదే ఆధారపడి ఉంది. ఉక్కు రేకు ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందం ఉంటే 7.85 కిలోలు తూగుతుంది. ఇది గుర్తుంచుకుంటే ఏ పట్టీ బరువైనా ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవచ్చు. మీరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3 మిల్లీమీటర్ల మందం పట్టీ తీసుకున్నారనుకోండి. మీటరుకి 2.35 కిలోలు, 80 మీటర్లకి సుమారు 188 కిలోలు. ఖనిజం, బొగ్గుతో బ్లాస్ట్ ఫర్నేస్‌లో తయారైన ఉక్కు అయితే కిలోకి దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్తుంది. అంటే మీ అంచు కోసం 430 కిలోల పైచిలుకు. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది కూడా దాదాపు 2.3 కిలోలే కాబట్టి, 188 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. అదే ఉక్కు తుక్కుని విద్యుత్ కొలిమిలో కరిగించి చేసినదైతే కిలోకి సుమారు 0.7 కిలోలు, మొత్తం 130 చిల్లర. పట్టీ అదే, మట్టిలో కూర్చునే తీరూ అదే. అయినా భారంలో మూడు రెట్ల తేడా.

ఇప్పుడు మందం మార్చి చూడండి. చూపుకి దిట్టంగా ఉంటుందని చాలామంది 15 సెంటీమీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం అడుగుతారు. 80 మీటర్లకి 470 కిలోల ఉక్కు. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కైతే కార్బన్ డయాక్సైడ్ టన్ను దాటిపోతుంది. పచ్చిక పూల మడిలోకి పాకకుండా ఆపడానికి అంత అక్కరలేదు. డ్రాయింగ్‌లో ఒక గీత లావు పెంచితే ఎంత బరువు పెరుగుతుందో డిజైనర్లకి తెలియాలి, తెలియకపోతే మనం అడగాలి.

"నూటికి నూరు శాతం రీసైకిల్ అవుతుంది" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. రీసైకిల్ చేయడానికి వీలుంది అనడం వేరు, రీసైకిల్ చేసిన సరుకుతో తయారైంది అనడం వేరు. మొదటిది రేపటి సంగతి, రెండోదే ఇవాళ్టి సంగతి. ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి చెత్తలోంచి వేరు చేయడం సులువు, ఎన్నిసార్లు కరిగించినా ఉక్కు ఉక్కే. అందుకే ప్రపంచంలో పాత ఇనుము చాలావరకు ఇప్పటికే కొలిమికి చేరుతోంది. దొరికే తుక్కు కంటే కావలసిన ఉక్కు చాలా ఎక్కువ. ఏటా తయారయ్యే ఉక్కులో తుక్కు వాటా మూడో వంతుకి కాస్త తక్కువే ఉంటుంది. కాబట్టి తుక్కుతో చేసిన పట్టీని మీరు కొంటే మీ తోట లెక్క తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తుక్కు మీరు తీసుకోకపోయినా వేరొకరు తీసుకునేవారు. ప్రపంచం మొత్తానికి నిజంగా కలిసొచ్చేది అసలు ఉక్కు తక్కువ వాడటం, వాడినదాన్ని ఎక్కువకాలం నిలబెట్టడం. తుక్కు వాటా అడగొద్దని నేననడం లేదు, తప్పకుండా అడగండి. అడిగేటప్పుడు అది జనం వాడి పారేసిన తుక్కా, ఫ్యాక్టరీలోనే కోతల్లో మిగిలిన ముక్కలా అని కూడా అడగండి. రెండింటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడం మామూలైపోయింది.

ఇక "జీవితాంతం ఉంటుంది" అన్న మాట. నాకు అసలు పేచీ ఇక్కడే ఉంది.

కార్టెన్ కొత్తదేం కాదు. అమెరికాలో యు.ఎస్. స్టీల్ సంస్థ 1930లలో దీన్ని తెచ్చింది. మొదట్లో బొగ్గు మోసే రైలు వ్యాగన్లకి వాడారు. ఇందులో కొద్దిగా రాగి, క్రోమియం, నికెల్, భాస్వరం లాంటివి కలుస్తాయి. వాటివల్ల పైన పట్టే తుప్పు వదులుగా రాలిపోకుండా గట్టి పొరగా బిగుసుకుని, లోపలి లోహాన్ని కాపాడుతుంది. కానీ ఆ పొర ఏర్పడాలంటే లోహం తడవాలి, మళ్లీ బాగా ఆరాలి, ఇలా పదేపదే జరగాలి. ఎప్పుడూ తడిగా ఉన్నా, ఉప్పుగాలి తగిలినా ఆ పొర నిలవదు, మామూలు ఇనుములాగే తినేస్తుంది. అట్లాంటాలో 1972లో తెరిచిన ఓమ్నీ కొలీజియం అనే ఇండోర్ స్టేడియానికి ఈ ఉక్కే వాడారు. అక్కడి తేమ గాలిలో తుప్పు ఆగక చిల్లులు పడ్డాయి. చివరికి 1997లో ఆ కట్టడాన్నే కూల్చేశారు.

మరి తోట అంచు ఎక్కడుంటుంది? ముప్పాతిక వంతు మట్టిలో. మట్టి ఎప్పుడు పూర్తిగా ఆరుతుంది? మీరు రోజూ నీళ్లు పోసే మట్టి అసలు ఆరదు.

ఈ మధ్య ఒక తోట మార్పుల పనిలో పాత కార్టెన్ పట్టీని పైకి లాగాం. పై అంచు చూస్తే ముచ్చటేసింది. ముదురు గోధుమ రంగు, చేత్తో రాస్తే నున్నగా ఉంది, గోరుతో గీకినా రంగు అంటుకోలేదు. మట్టి మట్టానికి వచ్చేసరికి రెండు వేళ్ల వెడల్పున లోహం ఉబ్బి, అట్టముక్క నానినట్టు పొరలు విడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి తిప్పితే బిళ్లలు బిళ్లలుగా రాలింది. ఇంకా కిందికి వెళ్తే నారింజ రంగు తుప్పు, దానికి అతుక్కుపోయిన మన్ను, అక్కడక్కడ గుంటలు. ఒకే పట్టీలో మూడు చోట్ల మూడు రకాల మందం. స్ప్రింక్లర్ నీళ్లు రోజూ తగిలే వైపు మరీ పాడైంది. నేల మీద నిలబడి చూసిన ఇంటివాళ్లకి మాత్రం అది చివరిదాకా కొత్తదానిలాగే కనబడింది.

అందుకే నా లెక్కలో మట్టిలో ఉన్న కార్టెన్, మామూలు మైల్డ్ స్టీల్ ఒకటే. దాని ఆయుష్షుని మందం చూసి అంచనా వేయాలి. నేలలో దిగేసే ఉక్కు షీట్ పైల్స్ (మట్టి జారకుండా ఆపే పలకలు) డిజైన్ చేయడానికి ఐరోపా ప్రమాణాల్లో ఒక పట్టిక ఉంది. తవ్వి వదులుగా నింపిన, రసాయనాలు లేని మట్టిలో ఉక్కు ఒక్కో వైపు 25 ఏళ్లలో 0.7 మిల్లీమీటర్లు, 50 ఏళ్లలో 1.2 మిల్లీమీటర్లు తరుగుతుందని అందులో లెక్క కడతారు. మన తోట మట్టి కూడా తవ్వి నింపినదే. పట్టీకి రెండు వైపులా మట్టే. కాబట్టి 3 మిల్లీమీటర్ల పట్టీ 50 ఏళ్లకి 2.4 మిల్లీమీటర్లు పోగొట్టుకుంటుంది, ఎక్కడో ఒకచోట ముందే చిల్లు పడొచ్చు కానీ ఒక తరం పాటు ఢోకా లేదు. చవగ్గా, తేలిగ్గా వస్తుందని 1.6 మిల్లీమీటర్లది వేస్తే 25 ఏళ్లకే దాదాపు కరిగిపోతుంది. ఇది మంచి మట్టి లెక్క. బూడిద, బొగ్గు మడ్డి, కట్టడాల చెత్త నింపిన నేల అయితే ఇంకా చాలా తొందరగా తినేస్తుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ లాంటి క్లోరైడ్ ఎరువు పట్టీ పక్కన కుప్పగా పడేసినా అంతే.

కాబట్టి కార్టెన్ రంగు మీకు నచ్చితే ఆ రంగు కోసమే కొనండి, ఎక్కువకాలం వస్తుందని కాదు. అదే మందం మైల్డ్ స్టీల్ ఫ్లాట్ (చదునైన ఇనుప బద్ద) మట్టిలో దాదాపు అంతే కాలం ఉంటుంది, కొన్నాళ్లకి పైన అదీ తుప్పు రంగుకే వస్తుంది. ఇంకా మంచి దారి ఏమిటంటే, పాత షెడ్డు విప్పినప్పుడు మిగిలిన ఫ్లాట్లు దొరికితే అవే వాడటం. కొలిమి దాకా వెళ్లకుండా నేరుగా రెండోసారి పనికొచ్చిన ఇనుముని మించింది లేదు. ఒక్క జాగ్రత్త: పాత రంగు పెచ్చులూడుతుంటే అందులో సీసం ఉండొచ్చు. దాన్ని గ్రైండర్‌తో గీకించి ఆ పొడి మట్టిలో పడనివ్వకండి, కూరగాయల దగ్గరికి అసలే తేవద్దు.

తుప్పు వల్ల మట్టికి హాని ఉందా అని కొందరు టెన్షన్ పడతారు. ఆ దిగులు అక్కర్లేదు. భూమి పైపొరలో 5 శాతం దాకా ఇనుమే, ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదీ అదే. కొత్త పట్టీ మీంచి కారే నీళ్లు మాత్రం పక్కనున్న రాతి పలకలకి మరకలు చేస్తాయి. తుప్పు రంగు తొందరగా రావాలని ఉప్పునీళ్లు కొట్టేవాళ్లున్నారు, అది మాత్రం చేయనివ్వకండి. ఉప్పు కార్టెన్ పొరనీ చెడగొడుతుంది, మొక్కలకీ చేటు.

ప్లాస్టిక్ సంగతి మీకు అనుభవమే. నిజాయితీగా చెప్పాలంటే కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే ప్లాస్టిక్ అంచుకే తక్కువ వస్తుంది, ఎందుకంటే అది పల్చన, తేలిక. కానీ ఆ లెక్కలో మీ పారకి తగులుతున్న నల్లటి పెంకులు ఉండవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పెళుసెక్కి, విరిగి, చివరికి కంటికి కనబడని రేణువులుగా మట్టిలోనే ఉండిపోతాయి. దాన్ని ముందే తీసి రీసైక్లింగ్‌కి పంపుదామన్నా, నల్ల రంగు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చేస్తుంది. అందుకని ప్లాస్టిక్‌లను వేరు చేసే చాలా యంత్రాలు దాన్ని గుర్తుపట్టలేవు. కాంక్రీట్ కట్ట పోద్దామంటే, 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తుతో 80 మీటర్లకి దాదాపు 2.9 టన్నుల కాంక్రీట్ అవుతుంది. దాని కార్బన్ డయాక్సైడ్ 300 కిలోల పైనే. ఉక్కు కంటే పెద్దగా తక్కువేం కాదు, పైగా రేపు వంపు మార్చాలంటే పగలగొట్టడం తప్ప దారి లేదు.

ఇంత చెప్పాక మీ 80 మీటర్ల దగ్గరికి వస్తాను. అందులో 50 మీటర్లు పచ్చికకీ పూల మడికీ మధ్య అన్నమాట. అక్కడ అసలు ఏ వస్తువూ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పదునైన పారతో పచ్చిక వైపు నిలువుగా 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు కోసి, మడి వైపు మట్టిని ఏటవాలుగా లాగితే చిన్న కాలువ ఏర్పడుతుంది. గడ్డి వేళ్లు ఆ కాలువలోకి వచ్చేసరికి గాలి తగిలి ఆగిపోతాయి, దాటినవి కంటికి కనబడతాయి కాబట్టి తెంపేయవచ్చు. గడ్డి జోరుగా పెరిగే కాలంలో రెండు మూడు సార్లు మళ్లీ కోయాలి. అదొక్కటే ఖర్చు. వంపు తిప్పాలనిపిస్తే తాడు పరిచి కొత్త గీత గీసుకోవడమే. ఒట్టి ఇసుక నేలలో ఈ కోత నిలవదు, అంచు విరిగిపోతూ ఉంటుంది. గరిక లాంటి మొండి గడ్డి ఉంటే ఇంకాస్త ఓపిక కావాలి. అయితే గరికని 10 సెంటీమీటర్ల ఇనుప పట్టీ కూడా ఆపలేదు, కింది నుంచీ వస్తుంది, పై నుంచీ పాకుతుంది.

కంకర బాట సంగతి వేరు. కంకర కాళ్ల కింద జరుగుతుంది, అడ్డు లేకపోతే కొన్నాళ్లకి పచ్చికలో రాళ్లు, బాట మీద మట్టి. అక్కడ పట్టీ నిజంగా పని చేస్తుంది. ఆ 30 మీటర్లకి 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల ఎత్తు చాలు. 71 కిలోల ఉక్కుతో మీ పని అయిపోతుంది. ముందు అనుకున్న దిట్టమైన పట్టీతో పోలిస్తే ఆరో వంతు కూడా కాదు.

బిగించే పద్ధతి లోహం ఎంపికంత ముఖ్యం. పట్టీ కింద కాంక్రీట్ పోయనివ్వకండి, మేకు కడ్డీలు దిగ్గొడితే సరిపోతుంది. ముక్కల్ని వెల్డింగ్ చేయొద్దు, చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి బోల్టులతో బిగించండి. వెల్డర్‌గా బతికినవాణ్ణి ఈ మాట చెబుతున్నానంటే కారణం ఉంది. తోటలు మారుతుంటాయి. ఎంత మంచి లోహమైనా, అయిదారేళ్లకి డిజైన్ మారినప్పుడు విరగ్గొట్టి పారేస్తే 50 ఏళ్ల ఆయుష్షు ఎవరికి ఉపయోగపడింది? బోల్టు విప్పి, పైకి లాగి, ఇంకో వంపులో మళ్లీ పెట్టుకోగలిగితేనే ఆ ఉక్కు తన భారం తీర్చుకుంటుంది. పెద్ద చెట్టు దగ్గర మాత్రం పట్టీని బలవంతంగా దిగ్గొట్టకండి, పైపైన ఉండే వేళ్లు తెగిపోతాయి. అక్కడ ఆపేసి, చెట్టు దాటాక మొదలుపెట్టండి. వాన నీళ్లు పోయే వాలు ఉంటే ఆ చోట పట్టీల మధ్య సందు వదలండి.

మట్టి మట్టం దగ్గర రంగు వేయాలా అని మీ ఫ్యాబ్రికేటర్ అడుగుతాడు. 3 మిల్లీమీటర్ల పట్టీకి నేను వేయించను. రంగు కూడా ప్లాస్టిక్ లాంటిదే, పెచ్చులై మట్టిలోకే వస్తుంది. ఆ మందమే దానికి రక్ష.

ప్రశ్న: కూరగాయల మడులకి గాల్వనైజ్డ్ రేకు అంచు పెట్టాం. దాని మీది జింక్ మట్టిలోకి దిగి, ఆకుకూరల్లోంచి పిల్లల కడుపులోకి వెళ్తుందేమోనని మా అత్తగారికి భయం. తీసేయమంటారా అండీ?

జవాబు: తీయకండి. జింక్ మట్టిలోకి దిగుతుంది, ఆ మాట నిజం. ఉక్కుని కాపాడటానికి తాను కరిగిపోవడమే దాని పని. కానీ జింక్ మొక్కలకీ మనకీ కూడా కావలసిన పోషకం. లోపమున్న నేలల్లో జింక్ సల్ఫేట్‌ని కొని మరీ వేస్తారు. అది శ్రుతిమించితే మనకంటే ముందు మొక్కే దెబ్బతింటుంది. లేత ఆకులు పసుపెక్కి, ఎదుగుదల ఆగిపోతుంది. మన ఆరోగ్యానికి ముప్పు వచ్చేంత జింక్ ఆకులో చేరేలోపే పంట చేతికి రాకుండా పోతుంది.

చూసుకోవాల్సింది మట్టి ఆమ్లత్వం. పీహెచ్ 6.5, 7 మధ్య ఉంటే జింక్ మట్టిలోనే బిగుసుకుని ఉంటుంది. 5.5 కంటే తగ్గితే వదులై వేళ్లకి అందుతుంది, రేకు కూడా తొందరగా పాడవుతుంది. కాబట్టి ఒకసారి మట్టి పరీక్ష చేయించండి, ఆమ్లంగా ఉంటే సున్నం వేయండి, పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ బాగా కలపండి. రేకుకి ఆనుకుని కాకుండా జానెడు దూరంలో విత్తుకుంటే మీ అత్తగారికీ నిశ్చింత.

పాత రేకుల విషయంలో మాత్రం ఆవిడ భయం సబబే. ఒకప్పటి గాల్వనైజింగ్‌లో జింక్‌తో పాటు సీసం, కొద్దిగా కాడ్మియం ఉండేవి. ఏనాటివో తెలియని తుప్పు రేకుల్ని పూల మొక్కల దగ్గర వాడుకోండి, ఆకుకూరల దగ్గర వద్దు. ఇంకొకటి, గాల్వనైజ్డ్ ముక్కల్ని వెల్డింగ్ చేయిస్తే గాలి ఆడే చోట చేయించండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లందరికీ మొదటి రోజే చెప్పే మాట ఇది.

ప్రశ్న: అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక, చేత్తోనే వంచుకోవచ్చు. మరి ఇనుము కంటే అదే మంచిది కదా సార్?

జవాబు: ఎక్కడి అల్యూమినియం అన్నదాన్ని బట్టి. టన్ను కొత్త అల్యూమినియం కావాలంటే 4, 5 టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాంట్లోంచి తీసిన అల్యూమినాని లోహంగా మార్చడానికి 14, 15 వేల యూనిట్ల కరెంటు కావాలి. మధ్యలో మిగిలే ఎర్రటి క్షార బురదని పెద్ద చెరువుల్లో నిల్వ ఉంచుతారు. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కా దగ్గర అలాంటి చెరువు కట్ట తెగి ఊళ్ల మీద పడింది, పదిమంది చనిపోయారు. తోట అంచు గురించి మాట్లాడుతూ ఇదంతా ఎందుకంటారేమో. ఆ తళతళలాడే పట్టీ వెనక ఉన్నది ఇదే కాబట్టి చెబుతున్నాను.

పై ఉత్తరంలో ఉక్కుకి వేసిన లెక్కే దీనికీ వేద్దాం. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3 మిల్లీమీటర్ల మందం, 80 మీటర్లకి అల్యూమినియం 65 కిలోలే. బరువు మూడో వంతు. కానీ కొత్త లోహానికి ప్రపంచ సగటు చూస్తే కిలోకి దాదాపు 15 కిలోల కార్బన్ డయాక్సైడ్. మొత్తం టన్నుకి దగ్గరవుతుంది. అదే పాత అల్యూమినియాన్ని కరిగించి చేస్తే శక్తి 95 శాతం ఆదా, అప్పుడు ఉక్కు కంటే కూడా తక్కువే. ఏ లోహంలోనూ కొత్తకీ పాతకీ ఇంత అంతరం నేను చూడలేదు. కాబట్టి వాడి పారేసిన లోహంతో చేసినదని కాగితం చూపిస్తే నిరభ్యంతరంగా కొనండి. చూపించకపోతే ఉక్కు దగ్గరే ఆగండి.

తుప్పు పట్టదన్నది కూడా పూర్తి నిజం కాదు. దాని మీది పలుచని ఆక్సైడ్ పొర మరీ ఆమ్లంలోనూ, మరీ క్షారంలోనూ కరిగిపోతుంది. పచ్చి కాంక్రీట్ పీహెచ్ 12 దాటుతుంది, అందులో పాతితే తినేస్తుంది. ఇనుప మేకులతో బిగిస్తే తడి మట్టిలో రెండు లోహాల మధ్య చిన్నపాటి బ్యాటరీ తయారై, అల్యూమినియమే ముందు పోతుంది. మేకులు కూడా అల్యూమినియంవే వాడండి.

ప్రశ్న: లోహం గొడవే లేకుండా పాత రైల్వే స్లీపర్లు వేద్దామనుకుంటున్నాం. చెక్కే కదా?

జవాబు: వద్దు. చెక్క పాడవకుండా వాటిని క్రియోసోట్ అనే తారు నూనెలో నానబెట్టి ఉంటారు. అందులో క్యాన్సర్ కారకాలున్నాయి. ఎండకి అది చెమటలా పైకి ఉబికి వస్తుంది, పిల్లలు కూర్చుంటే బట్టలకి, చర్మానికి అంటుకుంటుంది. ఆకుపచ్చ ఛాయలో ఉండే పాత ట్రీటెడ్ కలప కూడా అనుమానించాల్సిందే. దానికి క్రోమియం, రాగితో పాటు ఆర్సెనిక్ పట్టించేవారు. అమెరికాలో ఇళ్ల వాడకానికి అలాంటి కలప తయారీని 2003 చివరితో ఆపేశారు. చెక్కే కావాలంటే ఏ మందూ పట్టించని గట్టి చేవ కలప వేసి, కొన్నేళ్లకి పుచ్చిపోతే పోయిందనుకోండి. అది మట్టిలో కలిసినా నష్టం లేదు. దగ్గర్లో దొరికే రాయి ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా తోటలో కప్పలు, తొండలు తిరుగుతుంటాయి. ఇనుప అంచు వాటికి అడ్డమవుతుందా?

జవాబు: మట్టి పైకి ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే ఉంటే కాదు. 10, 15 సెంటీమీటర్లు పైకి లేపి నాలుగు వైపులా మూసేస్తే చిన్న కప్పపిల్లలకి అది గోడే, పైగా మధ్యాహ్నం ఎండకి కాలిన గోడ. మడి ఎత్తుగానే కావాలనుకుంటే ఒక మూల రాళ్లు మెట్లలా పేర్చండి, ఎక్కి దిగిపోతాయి. పై అంచు పదును లేకుండా మడత పెట్టినదో, ఆకురాయితో నున్నగా చేసినదో తీసుకోండి. వాటి పొట్టలకీ మంచిది, మీ పిల్లల పాదాలకీ మంచిది.

ప్రశ్న: ఇల్లు కొన్నప్పుడే తోటలో కాంక్రీట్‌లో పాతిన ఇనుప అంచు ఉంది. వంపు మార్చాలి. మొత్తం పీకి పాత ఇనుము వాళ్లకి ఇచ్చేసి కొత్తది వేయించమంటున్నారు. వేరే దారి ఉందా అండీ?

జవాబు: మొత్తం పీకాల్సిన పని లేదు. ముందు ఒక మీటరు మేర రెండు వైపులా మట్టి తీసి, మట్టి మట్టం దగ్గర చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే లోహం బాగున్నట్టు. మొద్దుగా శబ్దం వచ్చి పెచ్చులు రాలితే ఆ భాగం అయిపోయినట్టు. సాధారణంగా నీళ్లు నిలిచే చోటే పాడవుతుంది, మిగతాది గట్టిగానే ఉంటుంది.

వంపు మారని చోట దాన్ని కదపకుండా అలాగే ఉంచేయండి. మారే చోట మాత్రం కాంక్రీట్‌కి కాస్త పైన గ్రైండర్‌తో కోయించి పట్టీని తీసుకోండి. ఎత్తు తగ్గుతుంది, ఫర్వాలేదు, కంకర ఆపడానికి 7, 8 సెంటీమీటర్లున్నా చాలు. బాగున్న ముక్కల చివరల్లో రంధ్రాలు వేయించి, బోల్టులతో కలిపి కొత్త వంపులో మేకు కడ్డీలతో నిలబెట్టండి. కోసేటప్పుడు రాలే ఇనుప రజను పలకల మీద పడితే మరకలవుతాయి, కింద పాత గోనె పరిచి కోయమనండి. పనికిరాని ముక్కలకి అంటుకున్న కాంక్రీట్ సుత్తితో కొట్టి వదిలించి, అప్పుడు తుక్కుకి ఇవ్వండి. మిగిలిన కాంక్రీట్ పెళ్లల్ని చిన్న ముక్కలుగా కొట్టి బాట కింద అడుగు పొరగా పరచుకోవచ్చు, బయటికి మోయించాల్సిన అవసరం ఉండదు.